ఒకే చోట సూది వేసుకుంటే గడ్డ కట్టింది... ఇప్పుడెక్కడ వేసుకోవాలి?

అమలాపురం దగ్గర పల్లెటూరి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 44. బీపీ మాత్రలు వాడుతున్నారు. షుగర్ ఇంకా రాలేదు గానీ అంచున ఉందన్నారట. 91 కిలోల బరువుతో మోకాళ్లు పట్టేస్తుంటే కాకినాడలో డాక్టరు గారు పరీక్షలన్నీ చూసి, బరువు తగ్గడానికి వారానికొకసారి వేసుకునే మౌంజారో (టిర్జెపటైడ్) ఇంజక్షన్ పెన్ను రాశారు. మొదటి నెల 2.5 మి.గ్రా., తర్వాత 5 మి.గ్రా. ఇప్పుడు మూడో నెల, బరువు 85 కిలోలు.

ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఇంట్లో వాళ్లు లేవకముందే వంటగదిలో నిలబడి, బొడ్డుకి ఎడమపక్క రెండు వేళ్ల దూరంలో వేసుకుంటున్నారు. అక్కడ నొప్పి తెలియదని ప్రతి వారం అదే చోటు. నెల్లాళ్లుగా ఆ చోట శనగగింజంత గడ్డ చేతికి తగులుతోంది. వేసుకున్నాక రెండ్రోజులు దురద, ఒకసారి నీలంగా కమిలింది. పోయిన రెండుసార్లు సూది తీయగానే మందు చుక్క బయటికొచ్చింది. రెండు వారాలుగా బరువు కదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక వికారం, ఒక్కోసారి వాంతి.

భర్తకు తెలుసు. ఆయన తెల్లారేసరికి రొయ్యల చెరువు దగ్గర ఉంటారు. అత్తగారికి చెప్పలేదు. "సూదులతో ఒళ్లు తగ్గించుకుంటోందట" అన్న మాట వీధిలో పడుతుందని భయం. అందుకే పెన్ను ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పూల పొట్లం కింద దాస్తున్నారు. అత్తగారు ఇన్సులిన్ వేసుకుంటారు, గడ్డ మీద వేస్తే మందు సరిగ్గా పట్టదని అంటుంటారు. సూదులు ఆవిడ డబ్బాలోవే తీసుకుని ఒక్కో సూదిని నెలంతా వాడుతున్నారు, అయిపోయినవి కాగితంలో చుట్టి కాలువలో పడేస్తున్నారు. తోడికోడలేమో "తొడకి వేసుకో, వాంతులుండవు" అంటోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు, ఏ ఇంజక్షనో చెప్పకుండా అడిగితే, "ఏదైనా తుంటికే మంచిది" అన్నారు. ఎక్కడ వేసుకోవాలి, ఎలా మార్చుకోవాలి, ఇన్ని వారాల మందు వృథా అయిపోయిందా అని అడుగుతున్నారు.

మీ ఉత్తరంలో గడ్డ, కారిన చుక్క, ఆగిన బరువు, వాంతి అన్నీ ఒకే ముడిగా కనిపిస్తున్నాయి. చోటు తప్పు కాబట్టే ఇవన్నీ జరిగాయని మీ అనుమానం. వీటిలో చోటుతో సంబంధమున్నది గడ్డ ఒక్కటే. చుక్క కారడం వేసుకునే తీరు వల్ల. వాంతికి కారణం చాలావరకు ఆదివారం భోజనం. రెండు వారాలు బరువు ఆగడం ఈ మందు వాడేవాళ్లలో మామూలు విషయం.

ముందు మందు సంగతి. మీ అత్తగారు వేసుకునే ఇన్సులిన్ గంటల లెక్కన పనిచేస్తుంది. అది పొట్టలో వేస్తే త్వరగా, తొడలో వేస్తే నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. గడ్డ మీద వేస్తే ఒకరోజు పట్టి ఒకరోజు పట్టక షుగర్ పైకీ కిందికీ అవుతుంది. ఆవిడ అనే మాట ఇన్సులిన్‌కి నూటికి నూరుపాళ్లు నిజం. మీ మందు నడక వేరు. ఒళ్లో చేరిన మందు సగానికి తగ్గడానికే దాదాపు 5 రోజులు పడుతుంది. పొట్టకి వేసినా, తొడకి వేసినా, జబ్బ వెనక వేసినా ఒంటికి చేరే మందులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఆకలి తగ్గిందని, నాలుగు ముద్దలకే కడుపు నిండుతోందని మీరే రాశారు. అంటే మందు పనిచేస్తోంది, వృథా కాలేదు. తొడకి వేస్తే వాంతులు ఆగుతాయన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. తొడకి వేసుకోవచ్చు, తప్పేమీ లేదు, కానీ వాంతుల కోసం కాదు.

మరి చోటు మార్చడం ఎందుకంటే చర్మం కోసం, దాని కింది కొవ్వు పొర కోసం. ప్రతి వారం ఒకే చోట సూది దిగితే అక్కడ పుండు మానే లోపే మళ్లీ పుండు పడుతుంది. దురద, ఎరుపు, గట్టిదనం అందుకే. మీరు వేసుకుంటున్న చోటు బొడ్డుకు మరీ దగ్గర కూడా. కనీసం 5 సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్లు పక్కపక్కన పెట్టినంత దూరం వదలాలి. ఆ గడ్డ పూర్తిగా కరిగేదాకా ఎడమ పొట్టలో సూది వేయకండి. రుద్దడం, కాపడం పెట్టడం, నూనె మర్దనా ఏవీ వద్దు. దురదగా ఉంటే తడిగుడ్డ కాసేపు వేసుకుంటే చాలు. గడ్డ కంటికంటే చేతికి బాగా తెలుస్తుంది. స్నానం చేసేటప్పుడు సబ్బు నురగ ఉన్న వేళ్లను చదునుగా పెట్టి మెల్లగా జరిపి చూస్తూ ఉండండి. వారాల మీద చిన్నదవుతూ రావాలి. పెరిగినా, వేడిగా ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అది మామూలు గడ్డ కాదు. వెంటనే డాక్టరుకి చూపించాలి.

ఇక ఎక్కడెక్కడ వేసుకోవచ్చంటే పొట్ట, తొడల ముందువైపు, జబ్బ వెనకవైపు. తుంటి ఈ మందుకు చెప్పిన చోటు కాదు. తుంటికి వేసే చాలా ఇంజక్షన్లు పొడవాటి సూదితో కండలోకి వెళ్లేవి. మీది చర్మం కిందున్న కొవ్వులోకి వెళ్లాల్సిన మందు. ఏ మందో చెప్పకుండా అడిగారు గనుక ఆర్‌ఎంపీ గారు తనకు తెలిసిన పద్ధతే చెప్పారు. మీరు ఆ దారి పట్టకండి.

పొట్టలో అన్ని వారాలూ వేసుకోవడం మీకు మొదటి దారి. బొడ్డు నడిమధ్య నుంచి నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత ఉన్నాయనుకుంటే నాలుగు భాగాలవుతాయి: కుడి పైన, కుడి కింద, ఎడమ కింద, ఎడమ పైన. మీ పెన్నులో ఉన్నవీ నాలుగు మోతాదులే. వారానికో భాగం చొప్పున పెన్ను అయ్యేసరికి ఒక చుట్టు పూర్తవుతుంది. కొత్త పెన్నుతో మళ్లీ కుడి పైనే మొదలుపెట్టినా, పాత సూది పడిన చోటు నుంచి రెండు వేళ్లు పక్కకు జరగాలి. చీర కొంచెం జరిపితే సరిపోతుంది, గది అక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే, పొట్ట మీద మనకు కనిపించినంత చోటు నిజంగా దొరకదు. లంగా బొందు బిగిసే గీత మీద వేయకూడదు, అక్కడ రోజంతా రాపిడే. ఈ ఉక్కకు ఆ గీత వెంటే చెమటకాయలు, తామర వస్తుంటాయి. అలాంటి చర్మం మీద సూది గుచ్చితే లేనిపోని తంటా. పిల్లల ఆపరేషన్ కుట్లకు రెండు వేళ్ల దూరం వదలాలి, కాన్పు చారలు మరీ దట్టంగా ఉన్న చోటూ వదలాలి. ఇవన్నీ తీసేశాక మీకు బొందుకు పైన, పక్కలకు చోటు మిగులుతుంది. అది సరిపోతుంది గానీ గుర్తు పెట్టుకుని వాడాలి.

పొట్టకు తోడుగా తొడలు కూడా కలుపుకోవడం రెండో దారి. మోకాలికి పైన జానెడు, గజ్జకి కింద జానెడు వదిలి, మధ్యలో ముందువైపు, కాస్త బయటి పక్కకు వేయాలి. లోపలి తొడ వద్దు. కుర్చీలో కూర్చుని, కాలు వదులుగా పెట్టుకుంటే నొప్పి తక్కువ. చోట్లు పెరుగుతాయి కాబట్టి ప్రతి చోటుకూ బాగా విశ్రాంతి దొరుకుతుంది. కానీ దీనికి గడియ పెట్టుకునే గది కావాలి, హడావుడి లేని ఐదు నిమిషాలు కావాలి. అందరూ తిరిగే ఇంట్లో ఎవరైనా వస్తారేమోనని తొందరపడితే సూది మధ్యలోనే లాగేస్తారు. అలాంటప్పుడు తొడకంటే పొట్టే మేలు.

జబ్బ వెనక వేయించుకోవడం మూడోది. అక్కడ మీ అంతట మీరు సరిగ్గా వేసుకోలేరు, ఇంకొకరు వేయాలి. మీ వారికి ఒకసారి డాక్టరు గారి దగ్గర చూపించి నేర్పిస్తే వేయగలరు. అయితే మీ మందు ఆయన చెరువు పనికి ముడిపడిపోతుంది. మేత వేళో, ఏరేటర్ ఆగిపోయిన రాత్రో ఆయన రాకపోతే మోతాదు ఆలస్యమవుతుంది. దీన్ని అప్పుడప్పుడూ వాడుకోండి, ఇదొక్కటే నమ్ముకోకండి.

నన్నడిగితే, ఎడమవైపు గడ్డ పోయేదాకా కుడి పొట్ట పైన, కుడి పొట్ట కింద, కుడి తొడ, ఎడమ తొడ, ఈ నాలుగూ వరసగా తిప్పుకోమంటాను. తొడ వీలుకాకపోతే కుడి పొట్టలోనే రెండు వేళ్ల ఎడంతో నాలుగు చోట్లు చూసుకోండి. ఏ వారం ఎక్కడ వేశారో గోడ క్యాలెండర్లో ఆ తేదీ గడిలో "కు.పై", "కు.కిం" అని రాసుకుంటే మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు. జ్ఞాపకం మీద వదిలేస్తే చెయ్యి మళ్లీ నొప్పిలేని పాత చోటుకే పోతుంది. అసలు అక్కడ నొప్పి తెలియకపోవడమే వేరే చోటికి మారమనే సూచన. మాటిమాటికీ సూది దిగి గట్టిపడిన చోట స్పర్శ తగ్గుతుంది.

చుక్క కారడం గురించి భయం వద్దు. మీ పెన్ను ఒక్కో మోతాదు 0.6 మి.లీ. మామూలు చుక్క 0.05 మి.లీ. ఉంటుంది, సూది కొసన కనిపించేది అంతకంటే చిన్నదే. పోయిందేదో పోయిందని మరో మోతాదు మాత్రం ఎప్పుడూ వేసుకోకండి. ఎందుకు కారుతోందంటే, మీరు చెప్పినదాన్ని బట్టి రెండు కారణాలు. చప్పుడైతే ఎవరైనా లేస్తారని బటన్ నొక్కిన వెంటనే లాగేస్తున్నారు. పైగా నెలంతా ఒకే సూదిని పెన్నుకే ఉంచేస్తున్నారు. ఫ్రిజ్‌లోంచి బయటికి, బయటి నుంచి ఫ్రిజ్‌లోకి వెళ్లినప్పుడు ఆ సూది దారినే గాలి లోపలికి పోతుంది, మందు బయటికి కారుతుంది. ఒకసారి వాడిన సూది కొస మొద్దుబారుతుంది, వంగుతుంది. కమిలింది దానివల్ల కూడా కావచ్చు. అంత ఖరీదు పెట్టి పెన్ను కొంటున్నారు, నెలకు నాలుగు సూదులకు వెనకాడకండి. 4 మిల్లీమీటర్ల పెన్ను సూదులు మీకంటూ వేరే డబ్బా కొనుక్కోండి.

వేసుకునే పద్ధతి ఇలా పెట్టుకోండి. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక వేసుకోవడం మంచిది. అరగంట ముందు పెన్ను బయట పెడితే చల్లదనం పోయి మంట తగ్గుతుంది. మందు రంగు లేకుండా, లేదా లేత పసుపుగా, తేటగా ఉండాలి. రేణువులు కనిపిస్తే వాడకూడదు. చేతులు కడుక్కుని, కొత్త సూది బిగించి, పెన్నుతో వచ్చిన కరపత్రంలో ఉన్నట్టు గాలి తీసే మెట్టు చేయాలి. ఈ పెన్నుకు అది ప్రతిసారీ చేయాల్సిందే, సూది కొసన మందు కనిపించాలి. స్పిరిట్ దూదితో తుడిచాక చర్మం తనంతట తాను ఆరాలి. తడిగా ఉండగా గుచ్చితే స్పిరిట్ లోపలికి పోయి చురుక్కుమంటుంది, మీ దురదలో కొంత దీనిదే అయి ఉండవచ్చు. సూదిని నిటారుగా దించి, బటన్ పూర్తిగా నొక్కి, అలాగే నొక్కిపట్టి ఒకటి నుంచి ఐదు వరకు నిదానంగా లెక్కపెట్టాలి. తర్వాతే తిన్నగా పైకి తీయాలి. రక్తం చుక్క వస్తే దూదితో అదిమిపట్టండి, రుద్దకండి. సూది విప్పేసి మూత పెట్టి పెన్ను లోపల పెట్టేయండి.

సూది వేసే చోట చర్మాన్ని మడతలా పట్టుకోవాలా అని కూడా అడిగారు. లావుగా ఉన్నా సన్నగా ఉన్నా మనుషుల చర్మం మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లే. 4 మి.మీ. సూది దాన్ని దాటి కొవ్వులోనే ఆగుతుంది కాబట్టి మీ పొట్టకి మడత అక్కర్లేదు. తొడకీ జబ్బకీ పరిస్థితి మారుతుంది. బరువు తగ్గేకొద్దీ అక్కడి కొవ్వు పలచబడుతుంది, ఈ రోజు సరిపోయిన చోటు ఆరు నెలల తర్వాత సరిపోకపోవచ్చు. అప్పుడు రెండు వేళ్లతో మెత్తగా మడత పట్టుకోవాలి. గట్టిగా నొక్కితే లోపలికి వెళ్లిన మందు అక్కడి నుంచే కక్కుకుంటుంది.

మీ తోడికోడలు పెన్ను కాకుండా చిన్న సీసా మందును సిరంజీతో "20 గీతలు" వేసుకుంటోందని, అది చవక గనుక మీరూ మారదామనుకుంటున్నానని రాశారు. మారే ముందు ఒక్క విషయం గమనించండి. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ సిరంజీలు రెండు రకాలు: ఎర్ర మూతవి మి.లీ.కి 40 యూనిట్ల లెక్కవి, నారింజ మూతవి మి.లీ.కి 100 యూనిట్ల లెక్కవి (ఇక్కడ గీత అంటే ఒక యూనిట్). సీసాలో ఉండేది ఒక మోతాదు, 0.5 మి.లీ. ఎర్ర మూత సిరంజీలో అది 20 గీతలు, నారింజ మూతదాంట్లో 50 గీతలు. నారింజ మూత సిరంజీలో 20 గీతలే తీస్తే 0.2 మి.లీ., అంటే సగం కూడా కాదు. సిరంజీ సూది పొడవు కూడా ఎక్కువ, దానికి మడత తప్పనిసరి. డాక్టరు గారు ఏ సిరంజీయో, ఎంతవరకు తీయాలో రాసి ఇస్తేనే మారండి.

వికారం సంగతికొద్దాం. ఆదివారం తెల్లవారుజామున సూది, మధ్యాహ్నం కోడి కూరో చేపల పులుసో వేడి అన్నంలో. ఈ మందు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. నూనె కూర నిండుగా తింటే అది అక్కడే నిలిచిపోతుంది. సూదిని సోమవారానికి మార్చి చూడండి. ఆదివారం మానేసి మర్నాడు వేసుకోవడం వల్ల ఒక రోజే ఆలస్యం, ఇబ్బంది లేదు. ఇక ముందు ఎప్పుడైనా రోజు మార్చాల్సివస్తే రెండు మోతాదుల మధ్య కనీసం 72 గంటలు ఉండాలి. మరిచిపోతే నాలుగు రోజుల్లోపు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, అది దాటితే వదిలేసి మామూలు రోజున వేసుకోవాలి. ఆదివారం కూర మానమని అనను. రెండు ముక్కలు, కొద్దిగా అన్నం, కడుపు చాలన్న దగ్గర ఆపేయండి. బరువు రెండు వారాలు ఆగినందుకు మోతాదు మీరుగా పెంచవద్దు, అది వికారాన్నే పెంచుతుంది. పెంచాలో వద్దో వచ్చే నెల డాక్టరు గారు నిర్ణయిస్తారు.

పెన్ను దాచడం దగ్గరే నాకు ఎక్కువ దిగులుగా ఉంది. ఫ్రిజ్ వెనక గోడకు, మంచు గడ్డల అరకు దగ్గరగా ఉన్నది గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. 2 నుంచి 8 డిగ్రీలుండే మధ్య అరలో డబ్బాతో సహా పెట్టాలి. వాడటం మొదలుపెట్టిన పెన్ను 30 డిగ్రీలు దాటకుంటే 30 రోజులు బయట ఉండొచ్చంటారు గానీ, కోనసీమ వేసవిలో ఇంట్లో 30 ఎప్పుడు దాటదు? కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచండి. కరెంటు పోతే తలుపు తీయకండి.

అంతకన్నా పెద్ద ప్రమాదం, ఒకే ఫ్రిజ్‌లో రెండు పెన్నులుండటం, అందులో ఒకటి ఎవరికీ తెలియనిది కావడం. చూపు సరిగ్గా ఆనని పెద్దావిడ చేతికి మీ పెన్ను దొరికితే? తొందరలో మీరే ఆవిడ ఇన్సులిన్ తీసి వేసుకుంటే? షుగర్ లేని మనిషికి ఇన్సులిన్ పడితే ప్రాణం మీదికొస్తుంది. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే నాలుగు మాటలు పడాల్సి రావచ్చు. కానీ రోజూ సూది వేసుకునే మనిషికి మీ బాధ ఇంట్లో అందరికంటే ముందు అర్థం కావచ్చు, గడియ పెట్టుకోవడానికి గదీ దొరుకుతుంది. "బీపీకీ మోకాళ్లకీ డాక్టరు రాసిన మందు" అంటే చాలు, అందులో అబద్ధమేమీ లేదు. చెప్పకూడదనుకుంటే మీ పెన్నును మూత గట్టిగా ఉన్న వేరే డబ్బాలో, వేరే అరలో పెట్టి, పెన్నుకు రంగు రబ్బరు బ్యాండు చుట్టండి. ఏ దారైనా సూదులు, పెన్నులు ఒకరివొకరు వాడకూడదు. సూది మార్చినా పెన్ను పంచుకోకూడదు.

కొన్ని లక్షణాలకు వచ్చే నెల దాకా ఆగకండి. పై పొట్టలో మొదలై వీపులోకి పాకే తగ్గని నొప్పి, నీళ్లు కూడా నిలవనన్ని వాంతులు, కళ్లు పచ్చబడటం, ముఖం వాచి ఊపిరాడకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి, ఈ మందు వాడుతున్నానని అక్కడ చెప్పాలి. ఏదైనా ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే ముందు కూడా ఈ సంగతి దాచకూడదు.

సూదులు కాలువలో వేయడం ఈ వారంతోనే ఆపేయండి. ఆ నీళ్లలోనే పిల్లలు దిగుతారు, గేదెలు దిగుతాయి, నాట్లప్పుడు ఆ నీరు పారిన మళ్లలోనే కూలీలు చెప్పుల్లేకుండా నిలబడతారు. చెత్తబుట్టలో విడిగా వేస్తే పంచాయతీ పారిశుధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటాయి. మందమైన ప్లాస్టిక్ ఫినాయిల్ సీసా కడిగి ఆరబెట్టి, సూదులన్నీ అందులో వేసి మూత బిగించండి, మీవీ మీ అత్తగారివీ కూడా. మూడు వంతులు నిండాక మూతకు టేపు చుట్టి, మీరు వెళ్లే ఆసుపత్రిలోనో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనో సూదుల డబ్బాలో కలుపుకుంటారేమో అడిగి ఇచ్చేయండి. నాలుగు మోతాదులు అయ్యాక పెన్ను అడుగున ఇంకా మందు కనిపిస్తుంది. అది అలా మిగిలేలా చేసిందే. సిరంజీతో లాగి వాడకుండా పెన్నును కూడా దాంతోపాటే ఇచ్చేయండి.